ఇంటికి లాంగ్ ఆర్మ్ క్విల్టింగ్ మిషన్: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ పటమటలో మా ఇంటి వెనక గదిలో బొంతలు కుట్టే పొడుగు చెయ్యి మిషన్, అంటే లాంగ్ ఆర్మ్, ఒకటి ఉంది. పేరంటానికి వచ్చినవాళ్ళు కూడా తాంబూలం అందుకుని వెళ్తూ వెళ్తూ ఆ గదిలోకి తొంగిచూసి రెండు మాటలు అడక్కుండా వెళ్ళరు: "ఎంతయింది? నేనూ కొనుక్కోవచ్చా?" మొదటిదానికి జవాబు ఒక్క ముక్క. రెండోదానికి గంట పడుతుంది. ఆ గంటలో చెప్పేవన్నీ ఇక్కడ రాసి పెట్టాను. నేను మిషన్లు అమ్మను. పదకొండేళ్ళుగా బొంతలు కుడుతున్నాను, ఆ పదకొండేళ్ళలో రెండుసార్లు డబ్బు తగలేశాను. ఆ రెండు కథలూ కింద వస్తాయి.

అసలు లాంగ్ ఆర్మ్ అంటే ఏంటి? మామూలు మిషన్‌కీ దీనికీ తేడా ఏంటి?

టేపు తీసుకుని మీ ఇంట్లో మిషన్ దగ్గరికి వెళ్ళండి. సూది నుంచి కుడిపక్క స్తంభం దాకా ఉన్న సందు కొలవండి. ఇళ్ళలో వాడే మిషన్లకి అది ఆరు నుంచి తొమ్మిది అంగుళాలు ఉంటుంది. షాపువాళ్ళు త్రోట్ స్పేస్ అంటారు, నేను సందు అనే అంటాను. జాకెట్టు చేతికి, లంగా అంచుకి ఆ సందు ఎక్కువే. డబుల్ కాట్ బొంత 90 అంగుళాలకి 108. దాని నడిమధ్య కుట్టాలంటే సగం బొంత, అంటే 45 అంగుళాల గుడ్డా దూదీ చుట్టచుట్టి ఆ ఏడెనిమిది అంగుళాల సందులో కుక్కాలి. చాపచుట్టని పోస్టుడబ్బాలో దూర్చినట్టు ఉంటుంది.

లాంగ్ ఆర్మ్‌లో ఆ సందు 15, 16 అంగుళాల దగ్గర మొదలై 26 దాకా, కొన్నిట్లో 30 దాకా వెళ్తుంది. రెండో తేడా, చాలా లాంగ్ ఆర్మ్ మిషన్లకి గుడ్డని ముందుకి లాగే పళ్ళు ఉండవు. మీరు గుడ్డనైనా కదపాలి, మిషన్‌నైనా కదపాలి. కుట్టు ఎటు పోవాలో మీ చెయ్యే చెప్తుంది.

మా అమ్మమ్మ చేత్తోనే కుట్టేది. మిషన్ అంత అవసరమా?

అవసరం కాదండి, సరదా. మా అత్తయ్య తెనాలి దగ్గర పల్లెలో మధ్యాహ్నాలు అరుగు మీద నలుగురితో కూర్చుని పాత నేతచీరలు నాలుగైదు పొరలు పరిచి బొంత కుట్టేది. సంక్రాంతికి మొదలుపెడితే ఉగాదికి అయ్యేది. ఆ కుట్టు మెత్తన మిషన్‌కి రాదు. సంవత్సరానికి ఒకటో రెండో, మనవళ్ళకి, చాలనుకుంటే సూదీ దారం తీసుకుని కూర్చోండి, లక్షలు మిగుల్తాయి. నెలకి రెండు మూడు కుట్టాలని, పెళ్ళిళ్ళకి ఇవ్వాలని, పక్కవాళ్ళవీ కుట్టిపెట్టి నాలుగు రూపాయలు చూడాలని ఉంటే కిందకి చదవండి.

కూర్చుని కుట్టేదా, నిలబడి కుట్టేదా?

లాంగ్ ఆర్మ్‌లో రెండు రకాలు. మొదటిది బల్లలో దిగిపోయి ఉంటుంది. మీరు కుర్చీలో కూర్చుని రెండు చేతులతో బొంతని కదుపుతారు. రెండోది పట్టాల మీద నడుస్తుంది. బొంత ఫ్రేముకి రెండు వైపులా రోలర్ల మీద చుట్టి మగ్గం మీద నేత లాగా బిగించి ఉంటుంది. మీరు నిలబడి మిషన్ పిడులు పట్టుకుని దాన్నే తిప్పుతారు.

ఫ్రేము మీద పని హాయి. మూడు పొరలూ ముందే కలిపి పిన్నులు కొట్టే పని లేదు, మడతలు పడవు, నడుము వంగదు. కానీ చోటు కావాలి, ఖర్చు రెట్టింపు అవుతుంది. బల్ల మిషన్‌కి చోటు తక్కువ, ధర తక్కువ. బదులుగా నేల మీద పరిచి పిన్నులు కొట్టుకునే చాకిరీ మీదే, భుజాల నెప్పీ మీదే.

మన ఊళ్ళో ఇళ్ళకి, మన బడ్జెట్‌కి నేను పదిమందిలో ఎనిమిదిమందికి బల్ల మిషనే చెప్తాను. మిగతా ఇద్దరికీ సొంతిల్లు, పైన ఖాళీ డాబా గది ఉంటాయి.

సందు ఎన్ని అంగుళాలు ఉంటే సరిపోతుంది?

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, అందుకని కొంచెం లెక్క చెప్తాను.

ఫ్రేము మీద కుట్టేటప్పుడు, కుట్టిన భాగం రోలరుకి చుట్టుకుని ఆ సందులోనే కూర్చుంటుంది. బొంత సగమయ్యేసరికి ఆ చుట్ట పప్పుగుత్తి లావు నుంచి చంటిపిల్లాడి తొడంత అవుతుంది. పైగా మిషన్ ముందూ వెనకా పూర్తిగా ఆనే దాకా రాదు. అందుకని తొమ్మిది అంగుళాల సందులో మీకు చివరికి దక్కేది అయిదు. 108 అంగుళాల బొంతని అయిదేసి అంగుళాల చొప్పున కుట్టాలంటే ఇరవైరెండు సార్లు విప్పి, చుట్టి, బిగించాలి. అదే 16 అంగుళాల మిషన్ అయితే పదకొండు దక్కుతాయి, పదిసార్లతో అయిపోతుంది. ఇంకో మాట, అయిదు అంగుళాల్లో పువ్వు వెయ్యలేరు. తీగ మెలికలు తప్ప ఇంకేం రావు.

కాబట్టి ఫ్రేము మీద పెట్టే ఉద్దేశం ఉంటే 15 కంటే తక్కువ కొనకండి. మామూలు మిషన్‌ని ఫ్రేము మీద ఎక్కించుకోవచ్చని చెప్పి అమ్మే చిన్న ఫ్రేములు కూడా ఉన్నాయి. ఉయ్యాల బొంతలకి పర్వాలేదు, అంతకుమించి వద్దు. బల్ల మిషన్‌కి ఈ చుట్ట గొడవ అంత ఉండదు. గుడ్డని కుప్పగా వదిలెయ్యొచ్చు. పది పదకొండు అంగుళాలతో కూడా పెద్ద బొంత కుట్టిన రోజులు నాకున్నాయి.

మా ఫ్లాట్‌లో పడుతుందా?

బల్ల మిషన్ అయితే నాలుగడుగులకి మూడడుగుల బల్ల, ఎడమపక్కా వెనకపక్కా బొంత జారి కింద పడకుండా ఆనటానికి గోడో ఇంకో బల్లో. అంతే. గుడ్డ బల్ల అంచు దిగి కిందకి వేలాడిందంటే ఆ బరువుకి కుట్టు పక్కకి లాగేస్తుంది, ఇది గుర్తుపెట్టుకోండి.

ఫ్రేము అయితే డబుల్ కాట్ బొంతకి పదడుగుల పొడుగు. కుట్టే వెడల్పు ఫ్రేము పొడుగంత రాదు, రెండు చివర్లా కలిపి అడుగుపైనే పోతుంది. లోతు నాలుగడుగులు. వెనక నుంచి కూడా కుట్టాలంటే అటూ ఇటూ మనిషి తిరిగే చోటు. మన అపార్టుమెంట్లలో పదికి పదకొండు బెడ్‌రూమ్‌లో ఫ్రేము పెట్టాక ఇక బీరువా తలుపు తెరుచుకోదు. ముందు నేల మీద ముగ్గుపిండితో ఫ్రేము కొలత గీసి, వారం రోజులు ఆ గీత తొక్కకుండా ఇంట్లో తిరిగి చూడండి. నేను అలాగే చేశాను. మూడోరోజే మా వారు "ఇది మనవల్ల కాదు" అన్నారు.

ఏ కంపెనీలు, ఎంత ధరలు?

పేరున్నవన్నీ బయటివే. అమెరికాలో హ్యాండీ క్విల్టర్, గ్రేస్ కంపెనీ యూటా రాష్ట్రానివి, గ్యామిల్ మిస్సోరీది, ఏపీక్యూఎస్ అయోవాది. బెర్నినా స్విట్జర్లాండ్‌ది, జూకీ జపాన్‌ది. ఇంటివాడకానికి మొదటి మెట్టు అనదగ్గవి: హ్యాండీ క్విల్టర్ మాక్సీ, 15 అంగుళాల సందు. గ్రేస్ వాళ్ళ క్యూనీక్ 15. కూర్చుని కుట్టే రకంలో హ్యాండీ క్విల్టర్ స్వీట్ సిక్స్‌టీన్, జూకీ టీఎల్-2200 క్యూవీపీ-ఎస్, బెర్నినా క్యూ 16. పేరులో ఉన్న అంకె చాలాసార్లు సందు కొలతే.

అమెరికాలోనే ఫ్రేముతో కలిపి కొత్తది చవకరకం నాలుగైదు వేల డాలర్ల దగ్గర మొదలవుతుంది, పెద్దవి ఇరవై ముప్ఫై వేలు. మన దగ్గరికి వచ్చేసరికి రవాణా, కస్టమ్స్, జీఎస్టీ ఎక్కుతాయి. కుట్టు మిషన్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5కి తగ్గింది. పాత కొటేషన్ ఎవరైనా చూపిస్తే ఆ లైను ఒకసారి చూసుకోండి.

"చవక" అనే మాటకి అమెరికాలో అర్థం వేరు, గవర్నర్‌పేటలో అర్థం వేరు. అక్కడి వాళ్ళు చవక అని రాసింది చదివి ఇక్కడ బేరం మొదలుపెట్టకండి.

మరి తక్కువలో దారి లేదా? టైలర్ షాపుల్లో ఉండే పవర్ మిషన్‌తో అవుతుందా?

అవుతుంది, ఈ ప్రశ్న అడిగినవాళ్ళకి నేను కాఫీ కూడా ఇస్తాను.

జాక్, జూకీ లాంటి బల్ల పవర్ మిషన్, టైలర్ షాపుల్లో రోజంతా టకటకలాడేది, సందు పది పదకొండు అంగుళాలు ఉంటుంది. ఇంటి మిషన్ కంటే రెండు మూడు అంగుళాలు ఎక్కువ. బల్లతో సహా ఇరవై ముప్ఫై వేల మధ్య దొరుకుతుంది. దాన్ని బొంతలకి మార్చుకోవటానికి నాలుగు పనులు.

ఒకటి, పల్చటి గుడ్డలకి చేసిన రకం కాకుండా మందపు గుడ్డల రకం అడగండి. జూకీలో డీడీఎల్-8700 మామూలుది, చివర హెచ్ ఉన్నది మందానిది. పాదం ఎక్కువ ఎత్తు లేస్తుంది, మూడు పొరలు కిందకి దూరతాయి. రెండు, మోటారు సర్వో అయ్యుండాలి. పాత క్లచ్ మోటారు స్విచ్చి వేసిన దగ్గర నుంచి కుట్టినా కుట్టకపోయినా గుయ్యిమంటూనే ఉంటుంది, కాలు ఆనించగానే పరిగెడుతుంది. సర్వోకి వేగం తగ్గించి పెట్టుకోవచ్చు, కుట్టేటప్పుడే తిరుగుతుంది. మూడు, మెకానిక్‌తో పళ్ళు తీయించండి. రెండు స్క్రూల పని. నాలుగు, మామూలు పాదం స్థానంలో స్ప్రింగు ఉన్న ఫ్రీ మోషన్ పాదం. సూది దిగినప్పుడు గుడ్డని నొక్కి, లేచినప్పుడు వదిలేస్తుంది. ఆ గంతే లేకపోతే గుడ్డ కదలదు.

ఆఖరుగా బల్ల. దాంతో వచ్చేది ఇరుకు. వడ్రంగిని పిలిచి చుట్టూ 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో మిషన్ మట్టానికి సరిగ్గా సమానంగా పొడిగించి పైన నున్నటి లామినేట్ వేయించండి. గోరుతో గీస్తే మిషన్‌కీ బల్లకీ మధ్య తట్టకూడదు. తట్టిందంటే ప్రతి కుట్టుకీ అక్కడ గుడ్డ ఆగుతుంది.

ఇలా తయారుచేసుకున్న మిషన్ మీద నేను నాలుగేళ్ళు కుట్టాను. అది లాంగ్ ఆర్మ్ కాదు. కానీ లాంగ్ ఆర్మ్ మీకు నిజంగా కావాలో వద్దో అది చెప్పేస్తుంది.

ఇంటి మిషన్‌కీ ఈ పవర్ మిషన్‌కీ మధ్యలో జూకీ టీఎల్-2010క్యూ లాంటివి ఉన్నాయి. సందు దాదాపు ఎనిమిదిన్నర, నిమిషానికి 1,500 కుట్లు, తిన్నటి కుట్టు తప్ప ఇంకేం వెయ్యదు, ఎత్తి పక్కన పెట్టుకోవచ్చు. కుట్టు ముత్యాల్లా పడుతుంది. బల్ల మిషన్‌కి చోటే లేనివాళ్ళకి అది.

అమెరికాలో మా అమ్మాయి ఉంది. అక్కణ్ణుంచి సెకండ్ హ్యాండ్ తెప్పించుకోనా?

ఈ ప్రశ్న విజయవాడ, గుంటూరుల్లో ఇంటికొకరు అడుగుతారు. నా మొదటి నష్టం ఇదే.

అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. కొన్ని మిషన్లలో 100 నుంచి 240 దాకా ఏదైనా తీసుకునే పవర్ సప్లై ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. నేను తెప్పించుకున్నదానికి లేదు. అమ్మినాయన ఫోన్‌లో "అడాప్టర్ పెడితే చాలండి" అన్నాడు. నేను బీసెంట్ రోడ్డులో నూటయాభై రూపాయలకి పిన్నులు మార్చే అడాప్టర్ కొని గుచ్చాను. ఆ అడాప్టర్ మార్చేది ప్లగ్గు ఆకారాన్ని, వోల్టుల్ని కాదు. చిటుక్కుమని ఒక చప్పుడు, కాలిన ప్లాస్టిక్ వాసన, లోపల బోర్డు పోయింది. కొత్త బోర్డు రావటానికి మూడు నెలలు. ఆ మూడు నెలలూ మా ఆడపడుచు దాని మీద ఇస్త్రీ బట్టలు పెట్టింది.

కాబట్టి కొనకముందే మిషన్ వెనక రేకు మీద అచ్చు వేసి ఉండే వోల్టేజీ వివరాన్ని ఫోటో తీసి పంపమనండి. నోటిమాట వద్దు. 120 అని మాత్రమే ఉంటే, మిషన్ వాట్స్‌కి తగ్గ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అది కూడా వోల్టులు తగ్గిస్తుందే గాని 60 హెర్ట్జ్ ఇవ్వదు. ఆ మోటారుకి 50 పడుతుందో లేదో కంపెనీ పుస్తకంలో చూడాలి. వారంటీ ఆ దేశానికే పరిమితమా అన్నది ఇంకో ప్రశ్న. ఫ్రేము మాత్రం అక్కణ్ణుంచి తెప్పించకండి, ఇనుముకి విమానం టికెట్టు కొన్నట్టే.

ఫ్రేము ఆటోనగర్‌లో చేయించుకుంటే చవకేగా?

చవకే. నా రెండో నష్టం కూడా అదే.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్ళకి బొంత ఫ్రేము ఒక లెక్కా అనుకున్నాను. పైపులు కోశారు, వెల్డింగ్ చేశారు, రెండు పూటల్లో అయిపోయింది. ఇంటికొచ్చాక మిషన్ ఎక్కించి చెయ్యి వదిలితే, అది తనంతట తాను మెల్లగా మధ్యకి జారిపోయి ఆగింది. మేస్త్రీ రసమట్టం తెచ్చి పెడితే తెలిసింది, నడిమధ్య మూడు మిల్లీమీటర్లు కుంగింది. పదడుగుల పొడవులో మూడు మిల్లీమీటర్లు కంటికి కనపడవు. మిషన్ చక్రాలకి మాత్రం అది ఏటవాలే. సున్నా గీద్దామంటే కోడిగుడ్డు వచ్చేది.

చేయించుకోవాలంటే నాలుగు మూలల్లోనే కాదు, మధ్యలో కూడా కాళ్ళు పెట్టించండి. ప్రతి కాలికీ ఎత్తు సరిచేసుకునే స్క్రూ పాదం ఉండాలి. చక్రాలు నడిచే పట్టాలు వెల్డింగ్ చెయ్యొద్దు, బోల్టులతో బిగించండి. వెల్డింగ్ వేడికే అవి వంగేది. రోలర్లు చేయించేచోట పైపు తిన్నగా ఉందో లేదో గాజుపలక మీద దొర్లించి చూడండి. ఇవన్నీ చేశాక ఎంత మిగిలిందో లెక్క వేస్తే, నా మటుకు నాకు పెద్దగా ఏం మిగల్లేదు.

స్టిచ్ రెగ్యులేటర్ ఉండి తీరాలా?

మీ చెయ్యి ఎంత వేగంగా కదిలితే సూది అంత వేగంగా పడేలా చూసే ఏర్పాటు అది. ఫ్రేము మిషన్లలో చక్రాల దగ్గర సెన్సర్లు ఉంటాయి. ఆగితే సూదీ ఆగుతుంది. ఇది లేకపోతే మలుపుల్లో కుట్లు పొడుగై, మూలల్లో చీమలబారులా ఒకదానిమీద ఒకటి పడతాయి.

ఫ్రేముకి తీసుకోండి. బల్ల మిషన్‌కి లేకపోయినా పర్వాలేదు. అంగుళానికి పది కుట్లు సమానంగా పడటం చేతికి రావటానికి నాకు రెండు నెలలు పట్టింది, రోజూ అరగంట, పాత దుప్పటి ముక్కల మీద. అది ఒకసారి వచ్చాక పోదు.

కంప్యూటర్ తనంతట తానే కుట్టే మిషన్లు ఉన్నాయటగా?

ఉన్నాయి. డిజైన్ పెడితే అదే గీసుకుపోతుంది. ధర ఇంకో మిషనంత. వ్యాపారం నిలదొక్కుకున్నాక ఆలోచించే సంగతి.

దీనిమీద జాకెట్లు కుట్టొచ్చా? మగ్గం వర్క్ వస్తుందా?

రెండూ రావు. పాత మిషన్ అమ్మెయ్యకండి.

వాడినది కొంటుంటే ఏం చూడాలి?

వెళ్ళేటప్పుడు మీ దూది, మీ గుడ్డ, మీ దారం తీసుకెళ్ళండి. అడుగుగుడ్డ లేతరంగు, కింద బాబిన్‌లో ముదురు దారం, పైన ఇంకో రంగు. అడుగు చదరం ముక్క మీద ముందు పెద్ద సున్నాలు వరసగా చుట్టండి, తర్వాత మొనలు తేలిన నక్షత్రాలు గియ్యండి. ఇప్పుడు తిరగేసి బొటనవేలితో నిమరండి. సున్నాల మలుపుల దగ్గర పైదారం కిందకి లాగి గరుగ్గా, కనురెప్ప వెంట్రుకల్లా తగిలిందంటే టెన్షన్, అంటే దారం బిగువు, సరిగా లేదు. అమ్మే మనిషిని అక్కడే సరిచేసి చూపించమనండి. అయిదు నిమిషాల్లో సరిచేస్తే మిషన్ మంచిదే, ఆ మనిషికీ దాని సంగతి తెలుసు. "బేరమయ్యాక చేసిస్తా" అంటే లేచి వచ్చెయ్యండి.

తర్వాత బాబిన్ కేసు తీసి, దారాన్ని అందుకునే హుక్కు కొన మీద గోరు పెట్టి లాగండి. గీతలు తగిలితే సూదులు విరిగిన చరిత్ర ఉంది. అది మార్చే ఖర్చు బేరంలో తగ్గించండి. ఫ్రేము మిషన్ అయితే చక్రాలు ఒక్కొక్కటీ తిప్పండి. ఏళ్ళ తరబడి ఒకేచోట నిలిపిన మిషన్ చక్రాలకి ఒకపక్క చదును పడుతుంది, నడిపితే టక్ టక్ అంటుంది. కొన్ని మిషన్లు ఇప్పటిదాకా ఎన్ని కుట్లు వేశాయో తెర మీద చూపిస్తాయి, చూపించమనండి.

రిపేరు వస్తే ఇక్కడ ఎవరు చూస్తారు?

సూదికీ హుక్కుకీ పొత్తు తప్పటం, అంటే టైమింగ్ పోవటం, ఎక్కువగా వచ్చే జబ్బు. సూది అడుగు ముట్టి రెండు మిల్లీమీటర్ల పైచిలుకు లేచినప్పుడు హుక్కు కొన సూది వెనక గాడిని రాసుకుంటూ వెళ్ళి దారాన్ని అందుకోవాలి. ఇది లాంగ్ ఆర్మ్ అయినా, టైలర్ మిషన్ అయినా ఒకటే సూత్రం. వన్‌టౌన్‌లో గార్మెంట్ మిషన్లు చూసే మెకానిక్ ఎవరైనా చేస్తారు. నాకు చేసే బాబాయి మొదటిసారి మా మిషన్ చూసి "ఇది మన మిషనేనమ్మా, చెయ్యి సాగింది" అన్నాడు.

బోర్డులు, సెన్సర్లు మాత్రం ఆయన వల్ల కాదు. అందుకే ఎలక్ట్రానిక్స్ తక్కువ ఉన్న మిషన్ మన ఊరికి మంచి మిషన్. కొనేముందు ఒకటే అడగండి: బోర్డు పోతే ఇండియాలో ఎక్కడ దొరుకుతుంది, ఎన్నాళ్ళలో? సూటిగా సమాధానం రాకపోతే ఎంత తగ్గించినా వద్దు.

కరెంటు సంగతి కూడా ఇందులోదే. మంచి ఎర్తింగ్, ఒక స్టెబిలైజర్ పెట్టించండి. ఇంట్లో ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకం, అంటే కరెంటు సాఫీగా కాకుండా గతుకులుగా ఇచ్చేది అయితే మిషన్ ప్లగ్గు దాని లైనులో ఉండకూడదు.

సూది, దారం, దూది ఏవి వాడాలి?

సూది ముందు. ఇంటి మిషన్ సూదులు లాంగ్ ఆర్మ్‌కి పట్టవు. చాలావాటికి 134 రకం, గుండ్రటి కాడ ఉన్నవి. మామూలు పొరలకి 16, మందానికి 18. దారం పాలియెస్టర్ మంచిది. బజారు సందుల్లో కిలోల లెక్కన అమ్మే దారం ఈ వేగానికి పీచు రేగి తెగుతుంది. ఒక్క బొంతకే వందల మీటర్లు పోతుంది కాబట్టి చిన్న రీళ్ళు కాకుండా కోన్లు తీసుకోండి.

దూది దగ్గర గుంటూరోళ్ళు పొరపాటు పడతారు. "పత్తి మా ఊళ్ళోనే కదా" అని ఏకిన దూది తెచ్చి పరిచేస్తారు. ఏకిన దూది పరుపుకి, చేత్తో దగ్గరగా కుట్టే రజాయికి. మిషన్ కింద అది ముందుకి తోసుకుపోయి ఒకచోట కుప్ప, ఒకచోట ఖాళీ అవుతుంది. షీటుగా ఒత్తిన కాటన్ బ్యాటింగో, పాలియెస్టర్ వాడింగో కావాలి. వాడింగ్ జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి ఇన్ని గ్రాములనే లెక్కన అమ్ముతారు. మన ఎండలకి 100, 120 జీఎస్ఎం మించితే ఆ బొంత మార్గశిరంలో తప్ప బయటికి రాదు.

అడుగుగుడ్డ వస్త్రలతలో పెద్ద పన్నా దుప్పటి గుడ్డ తీసుకుంటే అతుకులు ఉండవు. పెడన కలంకారీ, మంగళగిరి నేత అందంగా ఉంటాయి గాని పన్నా చాలదు, అతకాలి. కలంకారీని కుట్టకముందే రెండుసార్లు ఉప్పునీళ్ళలో జాడించండి. నేను ఒకసారి బద్ధకించాను, తెల్లటి పైగుడ్డ లేత వంకాయరంగుకి తిరిగింది. ఏ గుడ్డయినా అడుగుదీ దూదీ నాలుగు వైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉండాలి.

అమ్మ పాత చీరలతో కుట్టొచ్చా?

కుట్టండి, దీనికోసమే నేను ఈ పనిలోకి వచ్చాను. నేతచీరలు బాగా వస్తాయి. బాగా అరిగిపోయినవైతే వెనక పల్చటి ముల్ గుడ్డ వేసి అప్పుడు కోయండి, లేకపోతే కుట్టు పక్కనే చిరుగుతుంది. జరీ అంచు కత్తిరించి పక్కన పెట్టెయ్యండి. సూది మొన పోగొడుతుంది, దారం తెంపుతుంది. పట్టుచీర అయితే లాంగ్ ఆర్మ్ జోలికి పోకుండా చేత్తో కుట్టుకోండి.

లోను, సబ్సిడీ ఏమైనా వస్తాయా?

ఇంటివాడకానికి అంటే రాదు, కుట్టుపని ఉపాధిగా చూపిస్తే వస్తుంది. ముద్ర లోన్లలో శిశు రకం 50,000 దాకా, కిశోర్ 5 లక్షల దాకా, తనఖా లేకుండా. పీఎం విశ్వకర్మ పథకం 2023లో వచ్చింది, అందులో ఉన్న 18 వృత్తుల్లో దర్జీ పని ఒకటి. శిక్షణ, 15,000 విలువైన పనిముట్లు, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, అది తీర్చాక రెండు లక్షలు. కొత్తగా యూనిట్ పెట్టేవాళ్ళకి పీఎంఈజీపీ పథకంలో ఆడవాళ్ళకి పట్టణంలో 25 శాతం, పల్లెలో 35 శాతం సబ్సిడీ. డ్వాక్రా గ్రూపులో ఉంటే వీటన్నిటికంటే ముందు గ్రూపు లీడరునే అడగండి, కాగితాలు తక్కువ.

బ్యాంకు కొటేషన్ అడుగుతుంది, జీఎస్టీ బిల్లు అడుగుతుంది. వాడిన మిషన్‌కి ఈ రెండూ ఉండవు. లోను మీద ఆధారపడితే కొత్తదే కొనాలని ముందే లెక్కలో వేసుకోండి.

ఎన్ని బొంతలు కుడితే గిట్టుబాటు?

మీ కూలి మీరే వేసి చూడండి. మిషన్ లక్షా ఎనభై వేలు, బొంతకి కుట్టుకూలి 1,200, అందులో దారం, సూది, కరెంటు 200 పోతే వెయ్యి మిగిలింది. నూట ఎనభై బొంతలు. నెలకి అయిదు కుడితే మూడేళ్ళు. నెలకి అయిదుగురు బొంత తెచ్చి ఇచ్చేవాళ్ళు మీకు ఇప్పుడే ఉన్నారా? ఉంటే కొనండి. లేకపోతే పాతికవేల పవర్ మిషన్ మీద ఆ అయిదుగురినీ సంపాదించి అప్పుడు రండి. ఇది చెప్తే సగంమంది మొహం ముడుచుకుంటారు.

ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

కింది వాటాలో పెట్టకండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా పిన్ని కూతురి మిషన్ మోటారు నాలుగురోజులు నీళ్ళలో ఉంది. తలకాయ ఆరబెట్టి నూనె పోస్తే బతికింది, మోటారు బతకలేదు. వరద మాట ఎలా ఉన్నా వానాకాలం తేమకి పట్టాలు, హుక్కు తుప్పుపడతాయి. పని అయ్యాక పాత మెత్తటి పంచె ముక్కకి మిషన్ నూనె అద్ది తుడిచి, పైన దుప్పటి కప్పండి. ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల చెమ్మ పడుతుంది.

మీ మిషన్ చూడటానికి రావచ్చా?

రండి. పదకొండు తర్వాత. మూడు పొరలు కలిపి పిన్నులు కొట్టిన రెండడుగుల ముక్క ఒకటి మీరే తెచ్చుకోండి, చూసి వెళ్ళటం కాదు, కుట్టి వెళ్ళాలి. రెండు నుంచి నాలుగు దాకా మాత్రం మిషన్ వెయ్యను. కింద వాటాలో మామ్మగారు పడుకుంటారు, ఆవిడకి మొదటి రోజే మాట ఇచ్చాను.